మడమలే ఎందుకు?

"ఇది మీ జవాబు కాదు."

ఎర్ర సిరాతో రాసిన ఆ నాలుగు మాటలనూ అర్సలాన్ మూడుసార్లు చదివాడు. పక్కనే గుండ్రంగా చుట్టిన మార్కులు కూడా ఉన్నాయి. ఇరవైకి మూడు.

సంగారెడ్డి కాలేజీలో ఆదివారం పూట నడిచే దూరవిద్య క్లాసు అది. పగలంతా ఫ్యాక్టరీల్లో పనిచేసి డిగ్రీ కడదామనుకున్న పదకొండు మంది బెంచీల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళలో అర్సలాన్ పటాన్‌చెరులో పంపులు తయారుచేసే కంపెనీలో మెషిన్ ఆపరేటరు. ఇరవై ఏడేళ్ళవాడు, పనిలో దిట్ట. డిగ్రీ చేతికొస్తే షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేస్తామని మేనేజరు మాటిచ్చాడు. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాయి, ఒక్క తెలుగు తప్ప. బడిలో ఉర్దూ మీడియం చదివినవాడికి తెలుగు పరీక్ష రెండుసార్లు పోయింది. ఇది మూడోసారి. ఈసారీ పోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు.

అందుకే కడుపు మండింది. లేచి నిలబడ్డాడు.

"మేడం, ఇది నా జవాబు గాకుంటే ఎవరిది మరి? నా పెన్నుతోని, నా చేతితోని నేనే రాసిన."

బల్ల దగ్గర హాజరు పుస్తకం చూసుకుంటున్న ఇల్మా తలెత్తింది. కిందటి నెలే ఈ క్లాసుకు వచ్చింది. పాతికేళ్ళుంటాయి. తెలుగు ఎం.ఏ. చేసింది. ఆమె పేరు విని, ఈమె తెలుగు చెప్పడమేమిటని మొదటి రోజు అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఆ గొంతులో ఒక పద్యం విన్నాక ఎవరూ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

"చెయ్యి మీదే. మాట మీది కాదు. గైడ్‌ల నలభై రెండో పేజీ, ఒక్క అక్షరం తప్పు పోకుండ దించిన్రు."

"దించలే మేడం! బట్టీ పట్టిన. మూడు రోజులు పట్టింది. రెంటికీ ఫరక్ ఉంటది."

క్లాసంతా నవ్వింది. ఇల్మా పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"సరే, బట్టీ పట్టినోళ్ళకు తెలుస్తది గదా. కవి ఏమంటున్నడు?"

"ఎండకాలంల కుండ నీళ్ళు తాగాలె. ఫ్రిజ్ నీళ్ళు తాగొద్దు, గొంతు ఖరాబ్ అయితది."

"పద్యంల ఫ్రిజ్ యాడుంది?"

"గైడ్‌ల ఉంది మేడం."

ఈసారి ఆమె నవ్వు ఆగలేదు. అర్సలాన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మండే కోపంలోనే, ఈమె నవ్వితే కుడి బుగ్గ మీద సొట్ట పడుతుందన్న సంగతి కూడా కనిపెట్టేశాడు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

"కూర్చోన్రి," అని ఇల్మా బోర్డు మీద ఆ పద్యం రాసింది.

నీరు చల్లనైన నిండు వేసవిలోన
కుండ మెచ్చుకొంద్రు గొంతు తడిసి
మట్టి తొక్కినట్టి మడమల నెవరైన
తలచుకొన్న నాడె దాహమారు

"మొదలు దీని నడక చూద్దాం. అర్థం తర్వాత దానంతటదే వస్తది. పొట్టి అక్షరానికి ఒక చిటికె, అది లఘువు. పొడుగు అక్షరానికి రెండు చిటికెలు, అది గురువు. సున్నా పక్కనున్నా, వెనక వత్తు ఉన్నా పొట్టిది గూడ పొడుగైతది. నీ-రు. రెండు, ఒకటి. కుం-డ. రెండు, ఒకటి."

చిటికెలు వేస్తూ ఆమె బెంచీల మధ్య నడిచింది. అందరూ అయోమయంగా చూస్తున్నారు. అర్సలాన్ మాత్రం తెలియకుండానే వేలితో బెంచీ మీద కొట్టసాగాడు. ఠాం-ఠ, ఠాం-ఠ, ఠాం-ఠ. కంపెనీలో చేరిన కొత్తలో రెండేళ్ళు ప్రెస్ మెషిన్ మీద పనిచేశాడు. ఒక లాంగ్ స్ట్రోకు, ఒక షార్ట్ స్ట్రోకు. ఆ చప్పుడు ఎముకల్లో ఇంకిపోయింది.

ఇల్మా ఆగింది. "ఇంకోసారి కొట్టున్రి."

కొట్టాడు. మొదటి పాదంలో మూడు గణాలు సరిగ్గా పోయాయి. నాలుగో గణం దగ్గర వేలు తడబడింది.

"ఇక్కడ లోడ్ పెరిగింది మేడం."

"శభాష్! మూడు చిటికెల గణాలు సూర్యగణాలు. దానికన్న బరువైనవి ఇంద్రగణాలు. మొదటి పాదంల, మూడో పాదంల చివరి రెండు అవే. రెండోదిల, నాలుగోదిల అన్నీ సూర్యగణాలే. గిట్ల నడిచేదాన్ని ఆటవెలది అంటరు. మూడో పాదంల బరువు యాడ పడుతుంది?"

అర్సలాన్ వేలితో కొట్టుకుంటూ పోయాడు. మట్టి, తొక్కి, నట్టి.

"మడమల కాడ."

"అంతే. తేలిగ్గ పోతున్న పద్యం మడమల కాడికొచ్చి నెమ్మదిస్తది. మట్టి తొక్కేటోడి అడుగు గూడ గంతే గదా!" ఆమె మొహం వెలిగిపోతోంది. "నీళ్ళు చల్లగుంటే అందరు కుండను మెచ్చుకుంటరు. ఆ కుండకు మట్టి తొక్కినోని మడమలను ఎవరన్న తలుసుకున్ననాడే అసలు దాహం తీరుతదంటున్నడు. మేలు పొందినోడు ఆ మేలు ఎక్కడినుంచి వచ్చిందో మర్చిపోవద్దని."

అర్సలాన్ చెయ్యెత్తాడు.

"మడమలే ఎందుకు మేడం? మట్టి తొక్కితే కాలంతా తొక్కుతది గదా."

"యతి కోసం. మట్టికి మడమ. మొదటి గణంల మొదటి అక్షరానికి, నాలుగో గణంల మొదటి అక్షరానికి జోడి కుదరాలె."

"అది సైజు చూసి నట్టు పెట్టినట్టు అయితది. సైజు కుదరాలె, ఒప్పుకుంట. కానీ అక్కడ ఆ నట్టే ఎందుకు పెట్టిన్రో దానికి గూడ ఒక కారణం ఉంటది మేడం."

ఇల్మా ఆ ప్రశ్నను పుస్తకం అంచున రాసుకుంది. గంట కొట్టారు.

వారం తర్వాత ఆమె క్లాసులోకి వస్తూనే అంది. "అర్సలాన్ గారు, నాకు తెల్వదు. నాలుగు పుస్తకాలు చూసిన. మాకు పాఠం చెప్పిన సార్‌కు ఫోన్ చేసిన. మడమలే ఎందుకో ఎవ్వరికీ తెల్వదు."

తెలియదని చెప్పిన టీచరును అర్సలాన్ జన్మలో చూడలేదు. ఆ మాట ఏ మొహమాటమూ లేకుండా అన్న ఆమెను ఆ క్షణాన చూస్తూ ఉండిపోయాడు. పక్కనున్న యాదన్న మోచేత్తో పొడిస్తే గానీ తేరుకోలేదు.

"సదాశివపేట రోడ్డుల కిష్టప్ప అని కుమ్మరాయన ఉన్నడు మేడం. మా అమ్మీ కూజాలు అక్కడనే కొంటది. పుస్తకాలల్ల లేకుంటే ఆయన్నే అడుగుదాం."

క్లాసయ్యాక బయల్దేరారు. ఇల్మా తన స్నేహితురాలు హరిచందన స్కూటీ ఎక్కింది. హరిచందన అదే కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. ముందు బైకు మీద అర్సలాన్. దారిలో జూన్ మొదటి వాన పట్టుకుంది. కిష్టప్ప రేకుల కొట్టం చేరేసరికి ముగ్గురూ తడిసి ముద్దయ్యారు.

"వాన పడతదని మీకు ముందుగాల తెల్వదా?" అంది ఇల్మా చున్నీ పిండుకుంటూ.

"నేను మెషిన్ ఆపరేటర్‌ను మేడం, వాతావరణ శాఖ గాదు."

హరిచందన పక్కకు తిరిగి నవ్వుకుంది.

కిష్టప్ప వాళ్ళ ప్రశ్న విని చాలాసేపు నవ్వాడు. "ఇంత దూరం గిందుకొచ్చిన్రా? చెప్తే తెల్వదు బిడ్డా, తొక్కాలె." కొట్టం మూల తడిపిన మట్టికుప్ప చూపించాడు.

అర్సలాన్ ప్యాంటు మడిచి దిగాడు. రెండడుగులు వేశాడో లేదో, వేళ్ళు జర్రున జారి ఇంచుమించు కూలబడ్డాడు.

"వేళ్ళ మీద కాదు. మడమ దింపు. బరువు మడమ మీదెయ్యి."

మడమ దింపాడు. మట్టి లొంగింది. ఇంకో అడుగు, ఇంకో అడుగు. అంతలో "హమ్మా!" అని ఎగిరి గంతేశాడు. మడమలో ఏదో గుచ్చుకుంది.

కిష్టప్ప వంగి ఆ చోట వేలు పెట్టి, చింతగింజంత రాయి తీసి చూపించాడు. "వేళ్ళకు మట్టి జారుతది, రాయి దొరకది. మడమకే దొరుకుతది. ఈ రాయి తీయకుంటే కాల్చినప్పుడు కుండ పగులుతది. కుండకు పగులు రావద్దంటే ఎవరో ఒకరి మడమకు గుచ్చుకోవాలె గద బిడ్డా."

రేకుల మీద వాన దడదడలాడుతోంది. ఇల్మా కళ్ళు అర్సలాన్ మడమ మీద ఉన్నాయి. అక్కడ చిన్న రక్తపు చుక్క మట్టిలో కలిసిపోతోంది.

"ఈ పద్యం ఎన్నిసార్లు చెప్పిననో లెక్క లేదు," అందామె మెల్లగా. "ఇయ్యాల్నే అర్థమైంది. షుక్రియా, అర్సలాన్ గారు."

క్లాసు పనిలో ఉన్నంతసేపూ ఒక్క ఉర్దూ మాట రానివ్వని మేడం నోట, కృతజ్ఞతగా షుక్రియా అన్న మాట! అర్సలాన్‌కు మడమ నొప్పి తెలియలేదు.

సాయంత్రం బీరంగూడలోని కిరాయి ఇంటికి చేరేసరికి తల్లి అనీస్ బేగం గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తండ్రి పోయాక పద్నాలుగేళ్ళుగా కాజీపల్లిలోని ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తోంది. ఎనిమిది గంటలూ నిలబడే చేయాలి. రోజూ చూసే కాళ్ళే. ఆ రోజు మాత్రం అతని కళ్ళు ఆమె మడమల మీద ఆగిపోయాయి. వేసవిలో ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు.

"ఏం చూస్తున్నవ్ బేటా?"

"ఏం లేదు అమ్మీ." గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె వద్దు వద్దంటూనే, కాసేపటికి కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుంది.

తర్వాతి ఆదివారం ఇల్మా మళ్ళీ పరీక్ష పెట్టింది. అదే పద్యం, సొంత మాటల్లో భావం. అర్సలాన్ గణాలు విడదీసి, యతి చూపించి, కింద ఇలా రాశాడు.

"నాకు ఐటీఐ సర్టిఫికెట్ వచ్చిననాడు అందరు నన్ను మెచ్చుకున్నరు. నన్ను చదివియ్యనికి పనిల చేరి, పద్నాలుగేండ్ల నుంచి నిలబడి డబ్బాలు ప్యాక్ చేస్తున్న మా అమ్మ మడమలు ఎవ్వరు సూడలే. నేను గూడ సూడలే. పోయిన ఆదివారం సూసిన. నాకు గుచ్చుకోవలసిన రాళ్ళన్ని అక్కడ గుచ్చుకున్నయి. ఈ పద్యం నేర్పకపోతే ఇంక సూసేటోన్ని గాదు."

కాగితాలు దిద్దుతున్న ఇల్మా అక్కడ ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

అర్సలాన్‌కు పదిహేడు మార్కులొచ్చాయి. "స్పెల్లింగులకు మూడు కోత. ఇది మీ జవాబే," అని రాసి ఉంది.

జులైలో పరీక్ష, ఆగస్టులో ఫలితాలు. తెలుగులో అరవై ఒకటి. మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి అయిన మర్నాడు అర్సలాన్ మిఠాయి డబ్బాతో కాలేజీకి పోతే గేటు దగ్గరే హరిచందన కనిపించింది.

"కంగ్రాట్స్! మీ మేడం లోపలనే ఉంది. జెర జల్దీ మాట్లాడుకోండి. పై వారం శుక్రవారం జహీరాబాద్ వాళ్ళు ఇల్మాను చూడనికి వస్తున్నరు."

అర్సలాన్ చేతిలో డబ్బా బరువెక్కింది. "మంచి సంబంధమా?"

"అబ్బాయికి పెద్ద షోరూం ఉందట. పెళ్ళయినంక పిల్ల కొలువు చేసుడు వద్దంటున్నరట." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఏం అర్సలాన్ గారు, మీకు ఈ సంగతి ఎందుకు చెప్తున్ననో అర్థమైతుందా?"

అర్థమైంది. ఏం చేయాలో మాత్రం తెలియలేదు. మిఠాయి హరిచందన చేతికే ఇచ్చి, "థాంక్స్ మేడం" అని గొణిగి, వచ్చినదారినే వెళ్ళిపోయాడు. ఆ వారం భోజన విరామంలో క్యాంటీన్‌కు పోకుండా మెషిన్ పక్కన కూర్చుని, బోల్టుల డబ్బా మీద వేళ్ళతో కొడుతూ కాగితాలు చింపుతూ గడిపాడు. చివరికి నాలుగు పాదాలు నిలబడ్డాయి. ఆదివారం ఆ కాగితం తీసుకుపోయి ఇల్మా చేతికిచ్చాడు.

"ఆటవెలది మేడం. మొదటిసారి రాసిన. మీకు కృతజ్ఞతలు చెప్పనికి. తప్పులుంటే దిద్దున్రి."

"దిద్దుత," అంది ఇల్మా. కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. అంతే.

శుక్రవారం వచ్చింది, పోయింది. ఆ రోజు అర్సలాన్ కొత్త ఇన్‌ఛార్జి హోదాలో ఇద్దరు కుర్రాళ్ళను ఊరికే కసిరి, తర్వాత వాళ్ళకు చాయ్ తాగించి క్షమాపణ చెప్పాడు.

ఆదివారం ఇల్మా కాగితం తిరిగిచ్చింది. వరండాలో వాన చూరు కింద నిలబడి విప్పాడు.

లోహమొకటె తెలిసి లోకాన తిరిగితి
మాట బరువు మీరు మప్పినారు
మడమ కింద రాయి మనసుకు తెలిసెను
ఇంత మేలు నేను ఎట్లు మరతు

కింద ఎర్ర సిరా. "గణాలు కుదిరాయి. యతి కుదిరింది. నాలుగో పాదంలో సంధి తప్పు. నేను, ఎట్లు కలిసి నేనెట్లు కావాలి, విడదీయకూడదు." అంతవరకు బాగానే ఉంది. కానీ రెండో పాదంలో 'మీరు' కొట్టేసి 'నీవు' అనీ, 'మప్పినారు' కొట్టేసి 'మప్పినావు' అనీ రాసి ఉంది.

అర్సలాన్‌కు ఎక్కడో కలుక్కుమంది. ఎంతో మర్యాదగా రాసిన పాదం అది. పదిసార్లు వేళ్ళతో కొట్టి చూసుకున్నాడు. క్లాసులో అందరూ వెళ్ళేదాకా ఆగి, లోపలికి పోయాడు.

"మేడం, రెండో పాదంల తప్పేముంది? గణం సరిగ్గనే ఉంది."

ఇల్మా పుస్తకాలు సర్దుతూనే అడిగింది. "మీరు. ఏ గణం?"

"ఒక గురువు, ఒక లఘువు. గలం."

"నీవు?"

"అది గూడ గలమే."

"మప్పినారు, మప్పినావు?"

"రెండు ఒకటే మేడం. ఏం మారలే. మరి ఎందుకు కొట్టేసిన్రు?"

"గణం మారలేదు," అంది ఇల్మా. ఇప్పుడు సర్దడం ఆపింది గానీ తలెత్తలేదు. "మరి ఏం మారింది?"

అర్సలాన్ కాగితం వైపు చూశాడు. మాట బరువు నీవు మప్పినావు. మళ్ళీ చదివాడు. పంపులో నీళ్ళు పట్టినట్టు ఆ మాట మెల్లగా పైకెక్కి, ఉన్నట్టుండి గుండెలో దూకింది.

"మేడం..."

"ఇంకా మేడమేనా?"

బయట వాన జోరందుకుంది. అర్సలాన్‌కు తెలుగూ రాలేదు, ఉర్దూ రాలేదు.

"జహీరాబాద్..." అన్నాడు ఎట్లాగో.

"వచ్చిన్రు. కొలువు మానెయ్యమన్నరు. అబ్బా వాళ్ళకు చాయ్ పోయించి, దండం పెట్టి పంపిచ్చిండు." ఇల్మా ఇప్పుడు తలెత్తి చూసింది. "రెండేండ్ల నుంచి పాఠం చెప్తున్న. అందరు ఒక్కటే అడుగుతరు. పరీక్షల ఏమొస్తది మేడం అని. మడమలే ఎందుకు అని అడిగింది నువ్వొక్కనివే. తెలుగు చదివి ఏం బావుకుంటవ్ అని మా చుట్టాలంతా అన్నప్పుడు నాకు గూడ అదే డౌట్ వచ్చేది. నీ జవాబు చదివినంక పోయింది. షుక్రియా నేను చెప్పాలె అర్సలాన్, నువ్వు కాదు."

"అయితే..." అర్సలాన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా అమ్మీని తీసుకొని రానా? మీ ఇంటికి?"

"మీ ఇంటికి?"

"మీ... నీ ఇంటికి!"

ఆమె బుగ్గ మీద సొట్ట పడింది. ఈసారి అర్సలాన్‌కు కోపం రాలేదు.

తర్వాతి శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక తల్లీ కొడుకులు పోతిరెడ్డిపల్లిలో ఇల్మా ఇంటి గుమ్మం తొక్కారు. ఇల్మా తండ్రి యాకూబ్ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రూటు బోర్డులు చూసి తెలుగు కూడబలుక్కుని నేర్చుకున్న మనిషి. తన బిడ్డన్నా ఈ భాషను పుస్తకం పట్టి చదవాలని పట్టుబట్టి చదివించాడు.

అనీస్ బేగం దారి పొడుగునా ఏం మాట్లాడాలో మనసులో కూర్చుకుంటూ వచ్చింది. తీరా ఇల్మా చాయ్ తెచ్చి ముందు నిలబడేసరికి అన్నీ మర్చిపోయింది. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"బేటీ, వీడు రోజు నా కాళ్ళకు నూనె రాస్తున్నడు. ఏమైందిరా అంటే పద్యం అన్నడు. నాకు చదువు రాదు. ఏం పద్యమో తెల్వదు. అల్లా నిన్ను సల్లగ సూడాలె."

ఇల్మా ఆమె పక్కనే కింద కూర్చుండిపోయింది. యాకూబ్ కళ్ళు తుడుచుకుని, గంభీరంగా అర్సలాన్ వైపు తిరిగాడు.

"నా బిడ్డ నౌకరీ?"

"ఆమె ఇష్టం చాచా. క్లాసు ఉన్నన్ని రోజులు బైకు మీద నేనే దింపుత."

"నీ జవాబు ఇల్మా నాకు చదివి వినిపిచ్చింది. బాగుంది. పద్యం గూడ రాసినవంట? అది మాత్రం చూపియ్యలే. ఏది, చదువు."

అర్సలాన్ ఇల్మా వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూస్తోంది. వేళ్ళతో మోకాలి మీద మెల్లగా కొడుతూ మొదలుపెట్టాడు.

"లోహమొకటె తెలిసి లోకాన తిరిగితి... మాట బరువు నీవు మప్పినావు..."

"ఆగు, ఆగు," యాకూబ్ చెయ్యెత్తాడు. "టీచర్‌ను పట్టుకొని నీవు అంటున్నవా?"

అర్సలాన్ జేబులోంచి ఎర్ర సిరా కాగితం తీశాడు.

"అది... ఆమెనే దిద్దింది చాచా. నేను మీరు అనే రాసిన."

ఇల్మా రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. యాకూబ్ కూతురి వైపు చూశాడు, అర్సలాన్ వైపు చూశాడు. మీసాల కింద మొదలైన నవ్వు ముఖమంతా పాకింది.

"అనీస్ బహెన్," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలుతూ, "వీళ్ళు వీళ్ళే నీవు అనుకునేదాంక వచ్చిన్రు. ఇగ మనం అడిగేదేముంది? మిఠాయి తెప్పిస్త, తారీఖు చూద్దాం పట్టున్రి."